మల్లయ్య నేర్పిన జోడు మోత

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు. కుర్రాడంటే ముప్పై దాటినవాడే గాని, నా వయసుకు యాభై లోపు వాళ్ళంతా కుర్రాళ్ళే. లింగంపల్లిలో మా ఫ్లాటు మూడో అంతస్తు, లిఫ్టు చెడిపోయి వారమైంది. మూడంతస్తులు ఎక్కి వచ్చి కూడా వాడికి ఆయాసం లేదు. అది చూడగానే వీడెవడో ఒంటితో పని ఉన్నవాడు అనుకున్నాను. పేరు కార్తీక్ అట. గచ్చిబౌలి వైపు ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బులో స్ట్రెంగ్త్ అసిస్టెంట్ కోచ్ అట. అంటే ఆట నేర్పేవాడు కాదు, ఆటకు ఒంటిని తయారు చేసేవాడు. వాళ్ళ ఆఫీసులో ఒక గోడ నిండా, ఈ ఊళ్ళో ఇంతకుముందు ఈ పని చేసినవాళ్ళ పేర్లు రాసి పెట్టాలని వాడి కోరిక.

"హెడ్ కోచ్‌ల గురించి అందరు చెప్తున్నరు అంకుల్. అసిస్టెంట్లంటే మాత్రం, గట్ల కూడా ఉండేటోళ్ళా అని నన్నే అడుగుతున్నరు" అన్నాడు ల్యాప్‌టాప్ తెరుస్తూ.

"నా పేరు నీకెవరు చెప్పిన్రు?" అని అడిగాను.

"తణుకు దిక్కు సత్యనారాయణ గారు ఉన్నరు గద అంకుల్, మీతోని ఆడినాయన. ఫోన్ చేసిన. బలం సంగతులైతే నన్నెందుకండీ అడుగుతారు, అక్కడ మా జోడు ఉన్నాడు, వాణ్ణి అడగండి అన్నరు. జోడు అంటే ఏంది అంకుల్?"

మా ఆవిడ చాయ్ తెచ్చి పెట్టింది. కప్పు కార్తీక్ వైపు జరిపాను. యాభై ఏళ్ళు దాటిపోయింది. సత్యం ఇంకా నన్ను ఆ మాటతోనే పిలుస్తున్నాడు. ఆ కుర్రాడు అడిగినవన్నీ ఆ రోజు చెప్పాను, అడగనిది ఒకటి దాచుకున్నాను. దాచుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మాది ఒక పెద్ద సర్కారు ఆఫీసు టీము. కాగితం మీద మేమంతా గుమాస్తాలం, నాలాంటి కొందరం ఇంకా టెంపరరీ. ఫైళ్ళు మోసింది తక్కువ, బంతి తన్నింది ఎక్కువ. జీతం ఇచ్చేది ఆటకే గనక ఇప్పటి భాషలో మేమూ ప్రొఫెషనల్సే అనుకోవచ్చు, కాకపోతే ఆ మాట మాకు తెలియదు. టీముకు ఒక కోచ్ ఉండేవాడు, ఆయన్ను పెద్దసార్ అనేవాళ్ళం. మా తొడలు, పిక్కలు, ఊపిరి చూసుకోవడానికి పెద్దసార్ కింద ఒక మనిషి ఉండేవాడు. ఆయనకు ఆఫీసులో ఆ పేరుతో కొలువే లేదు. మస్టర్ రోల్‌లో 'నీళ్ళ మనిషి' అని రాసుకుని జీతం ఇచ్చేవారు. కార్తీక్ వెతుకుతున్న చరిత్రంతా ఆ నీళ్ళ మనుషుల చరిత్రే.

మొదటాయన పాతబస్తీలో కుస్తీలు నేర్పే తాలీం నుంచి వచ్చిన జాఫర్ పహిల్వాన్. ఆయన కాలం నేను చూడలేదు, విన్నాను. దండీలు, బస్కీలు వందలకు వందలు తీయించి, బాదం నూరిన పాలు తాగించి టీము మొత్తాన్ని ఎద్దుల్లా మేపాడట. ఆ ఏడు మావాళ్ళను ఎవరూ కింద పడగొట్టలేకపోయారు గాని, మావాళ్ళు కూడా ఎవరినీ అందుకోలేకపోయారు. తర్వాత వచ్చినాయన పటాలంలో చేసి వచ్చిన హవల్దార్ సామెల్. చేతుల్లో ఇటుకలు పెట్టి పరుగెత్తించేవాడు. ఆయన దగ్గర ఆరు నెలలు నేనూ ఇటుకలు మోశాను. ఆ తర్వాత పెద్దసార్ ఖాజాగూడ నుంచి రాళ్ళు కొట్టే మల్లయ్యను పట్టుకొచ్చాడు. ఇద్దరు మనుషులు ఒక బండరాయిని కర్రకు వేలాడదీసుకుని గుట్ట దిగుతుంటే చూసి, నా హాఫ్‌బ్యాకులు ఇట్లా నడవాలి అనుకున్నాడట.

మల్లయ్యకు అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. ఎండకు మాడిన ఒళ్ళు, రాతిపొడి పట్టి తెల్లబడ్డ కనురెప్పలు. ఫుట్‌బాల్ ఆటను ఆయన మాకు కోచ్ అయ్యేదాకా ఒక్కసారి కూడా చూడలేదు. చూసిన తర్వాత కూడా పెద్ద గౌరవం కలగలేదు. "ఇర్వై రెండు మంది ఒక్క దానెంబడి ఉరుకుడేందయ్యా" అన్నాడు పెద్దసార్‌తోనే. కానీ మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి తొడ మీద వేలి కణుపులతో తట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. రాళ్ళు కొట్టేవాళ్ళు బండ మీద మంట పెట్టి కాల్చాక సుత్తితో తట్టి, పొర ఎక్కడ లేచిందో చప్పుడు విని చెప్తారు. మా తొడల మీదా అదే విద్య ప్రయోగించాడు. నా దగ్గరికొచ్చి, "నీ ఎడమ కాలు కామ్‌చోర్ ఉన్నది నర్సిమ్మా, కుడిదాని మీద బతుకుతున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. అదే ఎడమ కాలికి అంతకు ముందే రెండుసార్లు కండరం చిరిగింది. ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

ఏటా ఎండాకాలం నెల రోజులు మా టీముకు ఖాజాగూడలో క్యాంపు. చెరువు గట్టు పక్కన బాటసారుల కోసం ఎవరో కట్టించిన పాత సరాయి ఉండేది, దానికి రెండు గదులు, ఒక వసారా. పక్కనే మల్లయ్య గుడిసె. ఆ రోజుల్లో అక్కడ నిలబడి నాలుగు దిక్కులా చూస్తే కనిపించేవి గుట్టలు, ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్లు, సీతాఫలం పొదలు, మేకలు. మాది అక్కడికి నడక దూరంలో ఉన్న నార్సింగి. ఆ గుట్టల్లో ఎప్పటికైనా మనుషులు కాపురముంటారని ఎవరైనా అంటే మా నాయన వాణ్ణి పిచ్చోడి కింద లెక్కగట్టేవాడు. ఇప్పుడు అదే దారిలో పోవాలంటే సిగ్నళ్ళ దగ్గర గంట పడుతోంది, అద్దాల మేడల మీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి. అప్పుడు ఎండాకాలం చెరువు ఎండితే, అడుగున పగుళ్ళు పడ్డ శిఖం భూమిని మేమే చదును చేసుకుని బంతి ఆడేవాళ్ళం. బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే ఎరుక. ఆ నేల మీద ఆడినవాడికి ఏ మైదానమైనా చాప పరిచినట్టుండేది.

పొద్దున మా మెలకువ ఎల్లమ్మ విసుర్రాయి చప్పుడుతో. ఎల్లమ్మ మల్లయ్య భార్య. తెల్లారేసరికి జొన్నపిండి విసిరి, రాత్రి పులిసిన అంబలి కుండ వసారాలో పెట్టి, ఉల్లిగడ్డలు చితక్కొట్టి సిద్ధంగా ఉంచేది. ఆ పులుపు వాసన, కాలిన బండ వాసన, పక్కనున్న మేకల కొట్టం వాసన, మూడూ కలిసి వచ్చేవి. ఈ మధ్య ఒక పెద్ద హోటల్లో అంబలిని గాజు గ్లాసులో పోసి, పైన కొత్తిమీర చల్లి ఇచ్చారు. రుచికి వంక పెట్టలేను. కానీ నాకు ఆ మేకల కొట్టం లేకుండా అది అంబలిలా అనిపించలేదు. మా ఆవిడ విని, "అయితే ఒక మేకను కట్టేయమని చెప్పాల్సింది" అంది.

అంబలి తాగాక పని. కసరత్తు అనే మాట మల్లయ్య నోట నేను వినలేదు, ఆయనకు అన్నీ పనులే. ఇంటి పునాదులకు పోయే బండలు గుట్ట మీద కొట్టి పెట్టి ఉండేవి. వాటిని కిందున్న బండి దాకా దింపాలి. ఇద్దరిద్దరుగా, భుజాల మీద ఒక వెదురు బొంగు, నడుమ మోకుతో వేలాడే బండ. ఇదే జోడు మోత. తన గుత్తపనంతా మాతో ఉచితంగా చేయించుకుని దానికి కోచింగ్ అని పేరు పెట్టాడని మేం ఎకసెక్కాలాడేవాళ్ళం. ఆయన దాచేవాడు కాదు. "అవ్, మీకు బలం అయితది, నాకు బండి నిండుతది. ఎవరికి లుక్సాన్?" అనేవాడు.

క్యాంపు మొదటి రోజే జోళ్ళు కలిపేవాడు. ఎత్తు చూసి, నడక చూసి, ఒకరి శ్వాస ఒకరికి సరిపోతుందా అని కాసేపు ఇద్దరినీ పక్కపక్కన నడిపించి చూసి. ఒకసారి కలిపితే ఆ ఏడంతా మార్చడం లేదు. జోడుగాళ్ళిద్దరూ ఒకే పళ్ళెంలో తినాలి. భుజం మీద బొంగు కోసుకుపోకుండా పెట్టుకునే బట్టచుట్ట ఎవరిది వాళ్ళు చుట్టుకోకూడదు, నా భుజానికి నువ్వు, నీ భుజానికి నేను చుట్టాలి. చుట్ట వదులైతే తిట్లు చుట్టినవాడికి. ఇవన్నీ రాళ్ళు మోసేవాళ్ళ పద్ధతులే, మా కోసం పుట్టించినవి కావు. అన్నిటికంటే పెద్ద పద్ధతి మోత దించడం గురించి. భుజం పడిపోతున్నా సరే, ఉన్నట్టుండి వంగకూడదు. "దించుతున్న" అని చెప్పాలి. జోడుగాడు "దించు" అనాలి. అప్పుడు ఇద్దరూ ఒక్కసారి వంగాలి. చెప్పకుండా ఒకడు వంగితే బరువంతా జారి రెండోవాడి కాలి మీద పడుతుంది. మల్లయ్య అన్నకు అట్లాగే పాదం నుజ్జయింది. "మోయలేకపోవుడు తప్పు కాదు. చెప్పకుంట దించుడు తప్పు" అని రోజూ పొద్దున ఒకసారి చెప్పేవాడు.

నా జోడు సత్యం. సత్యనారాయణ, తణుకు దగ్గరి పిల్లవాడు, లెఫ్ట్ హాఫ్. నేను రైట్ హాఫ్. సన్నగా, పొడుగ్గా, వెంట్రుకలు నూనె పెట్టి దువ్వుకుని, అందరినీ అండీ అంటూ ఉండేవాడు. మొదటి రోజు "మల్లయ్యగారండీ, ఈ రాయి ఎక్కడ పెట్టమంటారండీ?" అని అడిగితే, ఆ మనిషి పని ఆపి నవ్వాడు. "ఎల్లీ, ఇటు రా, నన్ను గారు అంటున్నడు ఈ పోరడు" అని భార్యను పిలిచి మరీ వినిపించాడు. సత్యానికి జొన్నరొట్టె తుంచడం వచ్చేది కాదు. రెండు చేతులా పట్టుకుని కాగితం చించినట్టు చించేవాడు. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు నుంచి ఎల్లమ్మ వాడి కోసం రొట్టెను పాలల్లో నలిపి, బెల్లం వేసి పెట్టేది. మాది ఒకే పళ్ళెం గనక నాకూ అదే. పుంటికూర, పచ్చి పులుసు ఎదురుగా ఉంటే పసిపిల్లల తిండి తింటున్నానని నాకు మంట. ఆ పాలరొట్టె కోసం నా ప్రాణం ఇప్పుడు ఎంత కొట్టుకుంటుందో చెప్తే నవ్వుతారు.

అట్లా తింటూ ఉన్నప్పుడే ఒకరోజు వాడు నాకు తన సంగతి చెప్పాడు. ఈ ప్రాంతంలో సర్కారు కొలువు కావాలంటే ముల్కీ సర్టిఫికెట్ ఉండాలి. అంటే ఇక్కడే పుట్టి పెరిగినవాడని, లేదా పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాడని తాసిల్దారు ఇచ్చే కాగితం. వాడు వచ్చి మూడేళ్ళే. వాళ్ళ మామ ఒకాయన ఎవరినో పట్టుకుని పుట్టించిన కాగితం అది. "నీకు కాబట్టి చెప్తున్నానురా నరసింహం. రాత్రుళ్ళు భయమేస్తుంది" అన్నాడు. నా పేరును నిండుగా పలికేది వాడొక్కడే. "ఫికర్ చేయకు" అన్నాను, నోట్లో రొట్టె పెట్టుకుని.

ఆ ఏడే ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి, సిటీలో రోజూ ఊరేగింపులు, కాల్పులు. పెద్దసార్ మమ్మల్ని ఈ గొడవకు దూరంగా ఉంచుదామని క్యాంపును నెల దాటించి పొడిగించాడు. గొడవ అని నేనిప్పుడు రాశాను గాని, అప్పుడు మాకది గొడవ కాదు, మా బతుకు. మా అన్న బీఏ ప్యాసై నాలుగేళ్ళు నార్సింగిలో ఎడ్లు కాశాడు. మా కొలువులు మాకు కావాలన్న మాటలో అప్పుడూ తప్పు లేదు, ఇప్పుడూ లేదు. క్యాంపు నుంచి తప్పించుకుని నేను రెండు ఊరేగింపులకు పోయాను. రెండోదానిలో లాఠీ దెబ్బ వీపు మీద తిని వచ్చాను. ఎల్లమ్మ పసుపు రాస్తుంటే, సత్యం పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాడు. వాణ్ణి పొమ్మని అరిచిన ఊరేగింపులో నేనూ అరిచి వచ్చానని వాడికి తెలుసు.

ఒక మధ్యాహ్నం మా ఆఫీసు నుంచి రాజేశ్వర్ సైకిల్ మీద వచ్చాడు. లోకల్ ఉద్యోగుల సంఘం మనిషి. మంచివాడు, జైలుకు కూడా పోయి వచ్చాడు. వేప చెట్టు కింద కూర్చుని అన్నాడు. "తమ్మీ, టెంపరరీలు ఏడుగురున్నరు. పర్మనెంటు ఇద్దరికే. దొంగ ముల్కీలు ఏరితే మనోళ్ళకు వస్తది. నీకు తెల్సిందే రాసియ్యి. అబద్ధం రాయమంటలేను."

కాగితం, కలం ఇచ్చాడు. నేను చుట్టూ చూశాను. సత్యం చెరువులో ఒక్కడే బంతిని గట్టుకేసి కొడుతున్నాడు, ఎడమ కాలితో, ఒకే చోట తగిలేట్టు. మా అన్న గుర్తొచ్చాడు. మా అమ్మ నా పర్మనెంటు కోసం మైసమ్మకు కోడిని మొక్కుకున్న సంగతి గుర్తొచ్చింది. రాశాను. సత్యనారాయణ ఎప్పుడొచ్చిందీ, కాగితం ఎట్లా పుట్టిందీ, అన్నీ. కింద సంతకం పెట్టాను. నేను రాసిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధం రాసి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను, అప్పుడు కనీసం తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగేవాణ్ణి.

ఆ సాయంత్రం ఒకే పళ్ళెంలో తిన్నాం. మర్నాడు జోడు మోత మోశాం. ఆ తర్వాత ఇంకో ఏడు రోజులు మోశాం. రోజూ చెప్పాలనుకున్నాను. గుట్ట దిగేటప్పుడు వాడు ముందు, నేను వెనక. వాడి మెడ మీద చెమట కనిపిస్తుండేది. ముఖం కనిపించదు గనక చెప్పడం సులువే కావాలి. నోరు రాలేదు. తొమ్మిదో రోజు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సత్యం పోయి సాయంత్రానికి తిరిగొచ్చి, పెట్టె సర్దుకున్నాడు. ఎవరు చెప్పారు, ఏమన్నారు అని ఏమీ అనలేదు. మల్లయ్య రాళ్ళ బండి లింగంపల్లి పోతుంటే దాని మీద ఎక్కాడు. స్టేషన్ దాకా నేనూ పోయాను. అప్పుడు అది రెండు దీపాలు, ఒక బెంచీ ఉన్న స్టేషన్. ఇప్పుడు నేను పాలప్యాకెట్‌కు పోతూ వస్తూ రోజూ దాని పక్క నుంచే నడుస్తాను. ఆ జనంలో, ఆ టికెట్ క్యూలలో, ఆ బెంచీ ఎక్కడ ఉండేదో నాకు ఇప్పటికీ ఖచ్చితంగా తెలుసు. దాని మీద ఇద్దరం కూర్చున్నాం. "ఎడమ కాలు జాగ్రత్తరా" అన్నాడు వాడు. రైలెక్కాడు.

మర్నాడు పొద్దున నాకు జోడు లేడు. మల్లయ్య వచ్చి బొంగు రెండో కొన కింద తన భుజం పెట్టాడు. యాభై ఏళ్ళ మనిషి. మూడు రోజులు మోశాం. ఆయన బరువును తన వైపు జరుపుకుంటున్నాడని నా భుజానికి తెలిసిపోతూనే ఉంది. మూడో రోజు గుట్ట సగంలో నేను "దించుతున్న" అన్నాను. "దించు" అన్నాడు. దించి, ఆ బండ మీదే కూర్చుని, జరిగిందంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆయన బీడీ ముట్టించుకుని, అది అయిపోయేదాకా తాగాడు.

"అడుగుడు తప్పు కాదు బిడ్డా. మన కొలువులు మనకు గావాలె. నీకు గావాలె, మీ అన్నకు గావాలె" అన్నాడు. "గని ముందుగాల ఆ పోరనికి చెప్పాలె. అరే సత్తెం, నేను రాసిస్తున్న, నీ బందోబస్తు నువ్వు జూస్కో అని. చెప్తే ఏమైతుండె? తిడుతుండె. తిట్టనీ." మోకు సవరిస్తూ, "లే, బండి ఆగింది" అన్నాడు.

నా పర్మనెంటు కాగితం ఆ నెలలోనే వచ్చింది. మా అమ్మ కోడిని కోసింది. అంతటితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదేమో. ఒకరి ముల్కీ దొంగది అని తేలాక ఆఫీసు ఊరుకుంటుందా? టెంపరరీలంతా పదిహేను రోజుల్లో సర్టిఫికెట్లు తెచ్చి చూపించాలని హుకుం వచ్చింది. మస్టర్ రోల్‌లో నీళ్ళ మనిషి కూడా టెంపరరీయే. మల్లయ్యకు సర్టిఫికెట్ లేదు. ఆయన, ఆయన నాయన, ఆ నాయన నాయన ఆ గుట్టల మీదే పుట్టారు, అందుకే ఎవరికీ కాగితం అక్కర పడలేదు. పుట్టుక రాసిన పుస్తకం లేదు, బడి ముఖం చూడలేదు, పేరు మీద గుంట భూమి లేదు. కావలసిందల్లా ఇద్దరు పర్మనెంటు నౌకర్ల సంతకాలు. ఈయన ఇక్కడివాడే, మేం ఎరుగుదుం అని రాసిస్తే తాసిల్దారు ముద్ర వేస్తాడు. నా పర్మనెంటు కాగితం మీద ముద్ర పడి అప్పటికి వారం.

పోయాను. పోలేదని కాదు. మల్లయ్య కాలిన బండ మీద నీళ్ళు చల్లుతున్నాడు. సంగతి చెప్పాను. ముంత పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు. "నేను ఈడి మనిషినని ఇంకొకడు రాసియ్యాల్నా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగినట్టు. ఆయనే వద్దన్నాడు కదా అని నాకు నేను చెప్పుకుంటూ తిరిగొచ్చాను. ఆయన వద్దనలేదు. అడిగాడంతే. కానీ ఇప్పుడు ఈయన కోసం సంతకం పెడితే, సత్యం మీద సంతకం పెట్టినవాడివి నువ్వే కదా అని ఆఫీసులో పాత కాగితం మళ్ళీ తిరగేస్తారని నా భయం. పదిహేను రోజులూ గడిచిపోయాయి. మల్లయ్య పేరు కొట్టేశారు. తర్వాతి ఏడు పట్టా ఉన్న కోచ్ వచ్చాడు, మెడలో విజిల్, వెంట ఇనుప బరువులు. ఖాజాగూడ క్యాంపు ఆగిపోయింది. ఆ ఇనుప బరువులతో నా ఎడమ కాలు మళ్ళీ చిరిగింది, మూడేళ్ళకు నా ఆటా ముగిసింది. కొలువు మాత్రం రిటైరయ్యేదాకా పదిలంగా ఉంది.

మల్లయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. నేను దసరాకు పోయి జమ్మి చేతిలో పెట్టి కాళ్ళు మొక్కి వచ్చేవాణ్ణి, ఆయన ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నా పిల్లల పేర్లు అడిగేవాడు. ఆయన పోయినప్పుడు మట్టి చేసి వచ్చాను. ఆ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపే కాలానికి ఆయన లేడు, అది ఒకందుకు మేలే. రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు గచ్చిబౌలి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. మెడలో కంపెనీ కార్డులు వేలాడేసుకున్న పిల్లలు రోడ్డు మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతుంటే చూడముచ్చటేసి నేనూ పోయి కూర్చున్నాను. తొలి ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న పెద్దాయన అని ఎవరో చెప్పారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బంతిపూల దండ వేశారు. మన రాష్ట్రం మనకు రావాలని గుండెల నిండా కోరుకుంటూనే, ఆ దండ కింద తలెత్తలేకపోయాను. అక్కడికి ఖాజాగూడ చెరువు ఎంతో దూరం లేదు.

ఇదంతా కార్తీక్‌కు చెప్పలేదు. జాఫర్ పహిల్వాన్, సామెల్, మల్లయ్య అని మూడు పేర్లు చెప్పాను. జోడు మోత ఎట్లా ఉంటుందో లేచి నిలబడి చూపించాను. "పార్ట్‌నర్ క్యారీ! మా దగ్గర ఇప్పుడు గదే చేపిస్తం అంకుల్, రబ్బరు నేల మీద" అని మురిసిపోయాడు. పోతూ పోతూ సత్యం నంబరు రాసిచ్చాడు. ఆ చీటీని మూడు రోజులు అద్దం ముందు పెట్టుకుని, తల దువ్వుకున్నప్పుడల్లా చూశాను. నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆవిడ నిద్రపోయాక ఫోన్ చేశాను.

"ఎవరండీ?" అంది అవతలి గొంతు. ముసలిదైంది గాని వాడిదే.

"నేను. నర్సిమ్మను."

"ఒరేయ్ నరసింహం!" అని ఒక్క కేక పెట్టాడు. ఎవరినో పిలిచి, మా జోడురా, హైదరాబాదు నుంచి, అని చెప్పడం వినిపించింది. నా మోకాళ్ళ గురించి, వాడి షుగరు గురించి, పిల్లల గురించి మాట్లాడుకున్నాం. ఇగ ఆగితే మళ్ళీ నోరు రాదని, మధ్యలో ఆపి చెప్పేశాను. "సత్యం, ఆ కాగితం రాసిచ్చింది నేనే."

"తెలుసు" అన్నాడు వాడు. "ఆ రోజే నా ముందు పెట్టి చూపించారు. నీ చేతిరాత నాకు తెలియదా? పదేళ్ళు నీ పేరు వింటే ఒళ్ళు మండేది. తర్వాత చెరుకు తోటలు, పిల్లల చదువులు, నీ మీద కోపం పెట్టుకోడానికి తీరికెక్కడిది? అయినా నాది దొంగ కాగితమే కదరా. వదిలెయ్."

అంత తేలిగ్గా అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు నవ్వి మాట మార్చాడు.

"అది సరే, ఆ కుర్రాడు అడిగితే చెప్పలేకపోయాను. మల్లయ్యగారు ఆ తర్వాత ఎన్నేళ్ళు చేశారు మన టీముకి? పది పదిహేనేళ్ళు చేసుంటారు కదూ?"

"ఆ ఏడే తీసేసిన్రు."

"అదేం? ఎందుకు?"

"ముల్కీ సర్టిఫికెట్ లేదని."

వెనకాల ఎక్కడో నీళ్ళ మోటారు తిరుగుతున్న చప్పుడు.

"ఆయనకా?" అన్నాడు సత్యం. "ఆ కొండ మీద పుట్టిన మనిషికా? నన్నంటే పంపారు, నేను పరాయివాణ్ణి. ఆయన్నెట్లా పంపుతార్రా? కాగితం లేకపోతే మాత్రం, నువ్వున్నావు కదరా అక్కడ!"

"ఉన్న, సత్యం" అన్నాను.

వాడు ఫోన్ పెట్టేశాడో, వింటూ ఉన్నాడో తెలియలేదు, ఈ ఫోన్లు పెట్టేస్తే చప్పుడు కాదు. మా ఆవిడ లేచి వచ్చి ఎవరితో మాట్లాడుతున్నారు అని అడిగేదాకా, చెవికి ఆనించుకునే కూర్చున్నాను.